నడిమి చక్రం

"జడ్చర్ల కెమికల్ ఫ్యాక్టరీ. గ్యాస్ ట్యాంక్‌కు టైమ్ బాంబ్. 'రెడ్ స్కార్పియన్' విదేశీ ముఠా పని. మూడు నిమిషాలే టైమ్. బస్తీని ఖాళీ చేయించలేం. వెళ్లు!"

చెవికమ్మలో దాచిన స్పీకర్లో చీఫ్ దివాకర్ గొంతు ఆగిపోయింది.

ఊడ్చే మనిషి వేషంలో ఉన్న ఏజెంట్ నిరోష చీపురు పట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఫ్యాక్టరీ గోడకు అవతలే ఆ బస్తీ. అక్కడ అత్త ఒడిలో ఆమె ఏడాది పాప ఉంది. దసరా కాబట్టి ఎవరూ ఇల్లు కదల్లేదు.

ట్యాంక్ పక్కన ఎర్ర సిల్కు చీరలో గ్లోరీ నిలబడి ఉంది. ముఠాలో చేరి వాళ్ల రహస్యాలు చీఫ్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె అసలు ఎవరి మనిషో చీఫ్‌కే అనుమానం.

"జమ్మి తెచ్చిన," అంది నిరోష.

"బంగారం నా దగ్గరుంది."

కోడ్ సరిపోయింది.

బాంబ్ మీద మూడు అంకెల చక్రాలు, కింద ఒక బటన్. స్క్రీన్ మీద (x+2)(x+3).

"గుణించాలక్కా. x స్క్వేర్‌లు ఎన్ని, xలు ఎన్ని, ఉత్త అంకె ఎంత, గా వరుసల తిప్పాలె. తప్పితే పేల్తది. x, x కొడితే x స్క్వేర్. రెండు మూళ్లు ఆరు. ఒకటి, సున్న, ఆరు. జల్ది నొక్కు!" అంది గ్లోరీ.

చక్రాలు తిప్పిన నిరోష వేలు బటన్ మీద ఆగింది. నడుమ ఆ సున్నా ఆమెకు నచ్చలేదు. పిస్టల్ తీసింది.

"ఎవరి మనిషివే నువ్వు?"

"నేను గూడ గీడనే ఉన్న గదక్కా! పేలితే నేను బతుకుతనా?"

యాభై సెకన్లే మిగిలాయి. గ్లోరీ పెదవులు తెల్లబడ్డాయి. ఇది ద్రోహం కాదు, పొరపాటు. నిరోష పిస్టల్ దించింది.

"పొద్దుగాల కౌగిలించుకొని అలాయ్ బలాయ్ చేసుకున్నరా మీ వాడకట్టుల?"

"గిప్పుడు గదేందక్కా!"

"చెప్పు! మీ ఇంట్ల ఇద్దరు, ఎదురింట్ల ఇద్దరు. పెద్దోళ్లు పెద్దోళ్లను, చిన్నోళ్లు చిన్నోళ్లను కలిస్తే అయిపాయెనా?"

"అట్లెట్ల? వాళ్ల చిన్నోడు మా పెద్దోణ్ణి కలువకపోతే పెద్ద లొల్లి అయితది." గ్లోరీ కళ్లు పెద్దవయ్యాయి. "అవ్వో! ఇటు x అటు మూడుతోని, మూడు xలు. ఇటు రెండు అటు xతోని, రెండు xలు!"

"మొత్తం అయిదు."

నిరోష నడిమి చక్రాన్ని తిప్పింది. ఒకటి, అయిదు, ఆరు. బటన్ నొక్కింది.

రెండు సెకన్లు మిగిలుండగా స్క్రీన్ ఆరిపోయింది. గోడ అవతల డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"నిరోషా! గ్లోరీ సంగతి తేలిందా? మనవైపా, వాళ్లవైపా?" చెవికమ్మలోంచి అడిగాడు చీఫ్.

"మన మనిషే సార్. లెక్కలున్న కాడికి మాత్రం తోలకుండ్రి."