నైరోబీలో శనివారం

పరుగు!

ద్రాక్ష పందిరి కింద నడుం వంచి ఉష పరిగెడుతోంది.

పట్టపగలు రెండు గంటలు. బయట తమిళనాడు కంబం ఎండ మాడ్చేస్తోంది. పందిరి కింద మాత్రం ఆకుల చీకటి. తల ఎత్తితే తీగలు జుట్టు పట్టుకుంటాయి. తల దించితే దారి కనిపించదు.

ఆమె చేతిలో ఒక పాస్‌పోర్టు ఉంది. ఆమెది కాదు.

వెనక అడుగులు... దగ్గరవుతున్నాయి.

డ్రైవర్ మదన్. ఆగమని తమిళంలో అరుస్తున్నాడు. ఆగకపోతే ఏం చేస్తాడో కూడా చెబుతున్నాడు.

ఉష ఆగలేదు. ఈ పాస్‌పోర్టు పోలీసుల చేతిలో పడాలి. పడితేనే వైష్ణవి బతుకుతుంది. ఇప్పటికే ఆలస్యం కాకపోయి ఉంటేనే!

చెప్పు తెగింది. రెండోదాన్ని కూడా విదిలించేసింది.

నలభై రెండేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు... తన బతుకే తను ఈడ్చలేక ఈడుస్తుంటే, ఇంకొకరిని కాపాడతానని కోయంబత్తూరు నుంచి బస్సెక్కి వచ్చింది!

*

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక ట్రావెల్స్ ఆఫీసు. పద్దెనిమిదేళ్లుగా ఉష అక్కడే పని చేస్తోంది. ఊరందరినీ విమానం ఎక్కిస్తుంది. తను మాత్రం సాయంత్రం ఇంటికి సింగానల్లూరు బస్సు ఎక్కుతుంది.

ఆఫీసు వెబ్‌సైట్లో ఒక పేజీ ఉంది. 'నైరోబీలో నాలుగు రోజులు - సరదాగా చూడదగ్గ చోట్లు.' తమిళంలో ఉషే రాసింది. ఎన్నడూ చూడని ఊరి గురించి, చూసినదానికన్నా బాగా రాసింది. సిటీ పక్కనే సింహాల పార్కు. సింహం వెనకాల మేడలు కనిపిస్తాయి. తల్లి లేని ఏనుగు పిల్లలకు సీసాలతో పాలు పట్టే చోటు. రోజుకు ఒక్క గంటే చూడనిస్తారు. చేతిలో మేత పెట్టుకుంటే నాలుక చాపి అందుకునే జిరాఫీలు. కరూరా అడవిలో జలపాతం. పూసల దండలు బేరమాడే మసాయి సంత.

అది చదివి వైష్ణవి ఫోన్ చేసింది. స్పిన్నింగ్ మిల్లు యజమాని రామ్‌కుమార్ భార్య. ఇద్దరికీ టికెట్లు కావాలంది. తమిళంలో మొదలుపెట్టి, ఉష ఇంటి పేరు వినగానే తెలుగులోకి దిగింది.

ఉష చేస్తున్న పని వదిలేసి ఫోను చెవికి అదుముకుంది!

అమ్మ పోయి మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఇంట్లో మాట, అదే తెలుగు, ఒక్కటి కూడా నోటికి రాలేదు. ఆఫీసులో తమిళం. బస్సులో తమిళం. గదిలో నిశ్శబ్దం. రాయడం రాని భాష, చదవడం రాని భాష... మాట్లాడే మనిషి లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

నలభై రోజులు రోజూ ఫోను. నైరోబీ వంకతో మొదలై, కూరల మీదికి, కలల మీదికి వెళ్లేది. మొగుడు తనను కంబం తోటలో ఉంచి మిల్లు చుట్టూ తిరుగుతాడని వైష్ణవి చెప్పేది. పాపం అనుకునేది ఉష. ఫోను పెట్టేశాక కాసేపు ఒక్కతే నవ్వుకునేది.

ఇంట్లో మాట మాట్లాడేవాళ్లు ఇంట్లో మనుషులే. ఉష లెక్క అంతే. ఆ ఊళ్లో తెలుగువాళ్ల లెక్క ఎప్పటినుంచో అంతే.

*

గురువారం వాళ్ల విమానం.

శుక్రవారం వైష్ణవి నుంచి మెసేజ్ వచ్చింది. జిరాఫీ తన చేతిలో మేత తిందట. ఉష ఆ రోజంతా మబ్బుల్లో నడిచింది.

శనివారం మధ్యాహ్నం ఇంకో మెసేజ్.

"పొయ్యి మీద నిలువునా కాల్చి, బల్ల దగ్గరికి తెచ్చి కోసి పెడతారు. ఆకలితో వెళ్లండి, అరిగేదాకా నడవండి!"

ఉష టీ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ చదివింది.

అది తన వాక్యం! వెబ్‌సైట్లో ఒక మాంసం హోటల్ గురించి తను రాసిందే. అక్షరం పొల్లు పోలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఇది తమిళ నెల పురట్టాసి. పెరుమాళ్ నెల, అంటే వెంకన్న నెల. ఈ నెల శనివారాలు తమలాంటి నాయుళ్ల ఇళ్లలో మాంసం మాటే ఎత్తరు. నైరోబీలో ఉన్నా శనివారం శనివారమేనని వైష్ణవే చెప్పి, ఆ హోటల్ని తన లిస్టులోంచి కొట్టేయించింది. ఆ రోజు పళ్లూ పాలూ చాలంది. ఆమె కోసం లిస్టు మార్చింది ఉషే. వెబ్‌సైట్లో మాత్రం పాతదే ఉండిపోయింది.

అంటే ఈ మెసేజ్ రాసింది వైష్ణవి కాదు!

ఎయిర్‌లైన్స్ రికార్డు తెరిచింది.

ఇద్దరూ నో-షో.

విమానమే ఎక్కలేదు!

పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తింది. మీరు ఆమెకు ఏమవుతారని అడిగారు. టికెట్లు ఇచ్చినదాన్నని చెప్పింది. బంధువులు వచ్చి కంప్లైంట్ రాయాలన్నారు. పాస్‌పోర్టు దేశంలోనే ఉందని చూపించగలిగితే అప్పుడు ఆలోచిస్తామన్నారు.

రాత్రంతా నిద్ర లేదు. రామ్‌కుమార్ ఆమెను ఏదో చేశాడు. ఎక్కడో కట్టిపడేశాడు... లేకపోతే...

ఇన్సూరెన్స్ కాగితాలు కొరియర్ చేసిన అడ్రస్ ఉంది. కంబం తోట ఇల్లు. తెల్లారగానే బస్సెక్కింది.

పిలవని పేరంటానికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. హాల్లో ఎవరూ లేరు. టేబుల్ మీద వైష్ణవి పాస్‌పోర్టు! చేతికి తీసుకుని తిరిగేసరికి గుమ్మంలో మదన్, వైష్ణవి ఫోన్లో చెప్పే వాళ్ల డ్రైవర్.

వంటింటి తలుపులోంచి బయటపడింది. ఆ పరుగే ఇది.

*

పందిరి అయిపోయింది!

ఎండ కళ్లలో కొట్టింది. ఎదురుగా పెద్ద బావి. గట్టు మోకాలెత్తు. పంపుసెట్టు గది. ఆ పక్కన...

ఒక ఆడమనిషి.

నీలం చీర. ఫోన్ ఫోటోలో చూసిన మొహం.

వైష్ణవి!

బతికే ఉంది! ఉష ఆమె దగ్గరికి ఉరికింది. ఏడుపొచ్చింది. నవ్వొచ్చింది. రెండూ కలిసి ఏదో శబ్దం వచ్చింది.

"వైష్ణవీ... నేను, ఉషా. రా. సీక్రం పోదాం."

వైష్ణవి కదల్లేదు.

"వచ్చేస్తివా అక్కా" అంది. ఫోన్లో వినిపించే ఆ మెత్తటి గొంతే.

వెనక మదన్ పందిరిలోంచి బయటికొచ్చాడు. రొప్పుతున్నాడు. ఉష వైష్ణవికి అడ్డంగా నిలబడింది. వాడు ఉషను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా వైష్ణవిని చూస్తున్నాడు. ఏం చేయమంటారని అడుగుతున్నట్టు!

ఉష మెల్లగా వెనక్కి తిరిగింది.

వైష్ణవి చేతిలో తుపాకీ. అడవి పందుల కోసం తోటలో ఉంచుకునే రెండు గొట్టాల తుపాకీ.

"ఆయన లేడు అక్కా" అంది. "బుధవారమే అయిపోయినాడు. పదైదేండ్లు నన్ను ఈ తోటలో పెట్టి, నా మొకం చూసి ఒక మాట మాట్లాడలేదు."

ఉష పాస్‌పోర్టును గుండెకు అదుముకుంది.

తనే చంపి తోటలో పూడ్పించానని, మిగతాదీ వైష్ణవి వంట చెప్పినంత తాపీగా చెప్పింది. ఇద్దరూ నైరోబీలో సరదాగా ఉన్నారని ఊరు నమ్మాలి. అందుకే మెసేజ్‌లు. రేపు వేరే ఏజెంటు టికెట్‌తో నిజంగానే ఎక్కుతుంది. అక్కడికెళ్లి, మొగుడు సంతలో తప్పిపోయాడని ఏడుస్తుంది. అంత దూరంలో వెతికేవాళ్లెవరు?

"ఆ మాంసం సంగతి మదన్ చేసింది. వాడు మనోడు కాదు. పురట్టాసి శనివారం మనోళ్లు తినరని వానికేమి తెలుసు? మీ ఆఫీసు పేజీ చూసి అట్లే రాసేసినాడు." ఒక్క క్షణం ఆగింది. "నేను భయపడింది నీకొక్కదానికే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు...

నలభై రోజుల మాటలు. నలభై రోజుల నవ్వులు. అన్నీ దీనికేనా?

"ఆయన ఫ్లైటే ఎక్కలేదని రికార్డు ఉండాది" అంది ఉష. గొంతు తనది కాదనిపించింది.

"ఎవరన్నా మీ ఆఫీసునే కదా అడిగేది. ఎక్కినారని నువ్వు చెప్తే చాలు." వైష్ణవి గొంతు ఇంకా మెత్తబడింది. "నువ్వూ రా అక్కా. నీకు మాత్రం ఇక్కడ ఎవరుండారు? టికెట్ నేను తీస్తా. ఇద్దరమూ ఆడ మన మాట మాట్లాడుకుంటా ఉండొచ్చు."

ఉష తుపాకీని మరిచి ఆమె మొహం చూసింది.

సిగ్గు లేకుండా చెప్పాలంటే, వెళ్లాలనిపించింది! మనిషిని చంపిన చేతులు అవి. అయినా వెళ్లాలనిపించింది. పద్దెనిమిదేళ్లలో 'నువ్వూ రా' అన్నవాళ్లు ఒక్కరు లేరు.

ఉష తల ఎత్తింది.

"టికెట్‌లో ఏం పేరు రాస్తావు?" అంది.

"ఉషా అని."

"ఇనీషియల్ ఒప్పుకోరు. తండ్రి పేరు రాయాల. మా నాయన పేరేమి, వైష్ణవీ?"

వైష్ణవి పెదవులు కదిలాయి. మాట రాలేదు.

వైష్ణవి తండ్రి పేరు ఉషకు తెలుసు. పుట్టిన తేదీ తెలుసు. ఎడమ చెవిలో హోరు వస్తుందని తెలుసు. విమానంలో కిటికీ పక్క సీటు కావాలని తెలుసు. తన గురించి ఆ పిల్ల ఏ రోజూ ఏమీ అడగలేదు. ఉష చెప్పుకుంటూ పోయిందే తప్ప, అటునుంచి ఒక్క ప్రశ్న రాలేదు. ఇప్పుడు తెలుస్తోంది!

"ఆ పాస్‌పోర్టు ఇయ్యి అక్కా."

తుపాకీ భుజానికి ఎక్కింది.

మదన్ రెండడుగులు పక్కకు జరిగాడు.

పాస్‌పోర్టు ఇస్తే రేపు వైష్ణవి విమానం ఎక్కేస్తుంది. రామ్‌కుమార్ అనేవాడు ఆ పరాయి ఊళ్లో తప్పిపోయినవాడిగా మిగిలిపోతాడు. ఈ తోటలో ఎవరూ తవ్వరు. ఇవ్వకపోతే...

బావి నాలుగడుగుల దూరంలో ఉంది. లోతు ఎంతో తెలియదు.

"నీ మాట బాగుండాది వైష్ణవీ" అంది ఉష. కళ్లు తుడుచుకోలేదు. "మా అమ్మ మాట్లాడినట్టే ఉండాది."

చెయ్యి విసిరింది!

నీలం అట్ట ఎండలో ఒక్కసారి మెరిసి బావి గట్టు దాటింది. వైష్ణవి కేక పెట్టింది. మదన్ బావి వైపు ఉరికాడు. లోపల ఎక్కడో, చాలా కిందుగా, నీళ్ల చప్పుడు.

తుపాకీ పేలింది.