తెల్ల బూటు మీద మరక

జూలై నాలుగు, ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలు. జూనీ బ్రాకెట్ గుర్రం కట్టుకొయ్య దగ్గర లేదు.

జూనీకి తొమ్మిదేళ్లు. గుర్రం పేరు పెప్పర్, పొట్టిజాతి. వయోమింగ్‌లోని హార్లన్ క్రీక్‌లో పదింటికి అమెరికా స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపు, రెండింటికి పిల్లల రోడియో, అంటే పశువుల స్వారీ పోటీలు. మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పే పందెంలో జూనీ పేరుంది. గుర్రం లేకపోతే పేరు కొట్టేస్తారు.

ఆ పిల్ల దాణా కొట్టు మేడెక్కి డిటెక్టివ్ హెస్టర్ లండీ తలుపు బాదింది.

“పశువుల వ్యాపారి వేడ్ ప్రూయిట్ ఎత్తుకుపోయాడు మేడమ్! నిన్న అమ్ముతావా అన్నాడు. ఛీ పొమ్మన్నాను.”

“మంచి పని చేశావు. తాడు తెంపారా?”

“లేదు, ముడి విప్పారు. కొత్తవాళ్లు ముడి మీద చెయ్యి వేస్తే పెప్పర్ కరుస్తుంది.”

“మీ తాతయ్యకు చెప్పావా?”

“చెప్పాను. ఊరేగింపులో ట్రాక్టరు తోలాలి, తర్వాత చూద్దామన్నాడు.”

హెస్టర్ సహాయకుడు ఆమోస్ ఫెల్, మాజీ పోస్ట్‌మ్యాన్. వేడ్ పశువుల లారీ వెతుకుదామని టోపీ అందుకున్నాడు. హెస్టర్ మాత్రం వీధిలోకి దిగి, బ్యాంకు ఎదుట నిలబడి ఊరేగింపు చూసింది. ఆమోస్ పళ్లు బిగబట్టి పక్కన నిలబడ్డాడు. ఆమె ఊరకే ఏదీ చూడదని అతనికి తెలుసు.

ముందు జెండా పట్టుకుని మాజీ సైనికులు కాలినడకన వెళ్లారు. వాళ్ల వెనక జూనీ తాత ఆరిన్ ట్రాక్టరు, దానికి తగిలించిన, చుట్టూ గుడ్డ కప్పిన గుడారపు బండి. ఆ వెనక తెల్ల బూట్లతో హైస్కూలు బ్యాండు, తర్వాత ఫైరింజను. గుర్రాలు అన్నిటికన్నా చివర నడవాలన్నది ఊరి కట్టుబాటు. వాటి వెనక లద్దె ఎత్తే పార పట్టుకుని నడిచేవాడికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

ఊరేగింపు ముగిశాక హెస్టర్ వేడ్‌ను ఆపింది.

“అడిగాను, నిజమే. బుడ్డది నలుగురిలో ఛీ పొమ్మంది. పోయింది నా పరువు, దాని గుర్రం సంగతి నాకేం తెలుసు?”

“చేతులు చూపించు.”

చూపించాడు. ఒక్క పంటిగాటు లేదు.

పక్కనే డోలు వాయించే అమ్మాయి లోర్నా బూటు అడుగు రాతికేసి గీకుతోంది. “కొత్త బూట్లు! గుర్రపు లద్దె!”

“ఊరేగింపన్నాక తప్పుతుందా?” ఆమోస్ నవ్వాడు.

హెస్టర్ నవ్వలేదు. “ఎప్పుడు తొక్కావమ్మా?”

“వెళ్లేటప్పుడే, బ్యాంకు దగ్గర. డోలు వాయిస్తూ కిందకి చూస్తామా?”

ఒంటిగంటన్నరకు రోడియో మైదానం వెనక, గుడారపు బండి పక్కకు హెస్టర్ అందరినీ పిలిపించింది.

“కొత్తవాళ్లు ముడి విప్పితే పెప్పర్ కరుస్తుంది, వేడ్ చేతుల మీద గాటు లేదు. అంటే విప్పింది తెలిసిన చెయ్యి. లోర్నా లద్దె తొక్కింది. బ్యాండుకి ముందు నడిచిన గుర్రం ఒక్కటీ లేదు. ముందున్నది సైనికులు, ఒక ట్రాక్టరు, ఒక బండి. సైనికుల మీద నాకు అనుమానం లేదు. ట్రాక్టరు లద్దె వెయ్యదు. ఈ బండి అడుగు చెక్కలకు సందులున్నాయి.”

ఆమోస్ గుడారం గుడ్డ ఎత్తాడు. పెప్పర్ మూతికి దాణా సంచి కట్టి ఉంది. తినడం ఆపకుండానే వాళ్లవైపు చూసింది. ఊరంతా ఎదురుగా చూసిన బండి. తనూ చూశాడు. ఆమోస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆరిన్ తల దించుకున్నాడు. “నా కొడుకు పడింది ఈ మైదానంలోనే. ఇప్పటికీ చేతికర్ర లేందే నడవలేడు. సాయంత్రం తోలుకొచ్చి కట్టేసేవాణ్ణే.”

“నాన్న పడింది ఎద్దు మీంచి,” అంది జూనీ. “పెప్పర్ ఎద్దా తాతయ్యా?”

“కాదు. ఎద్దుకన్నా మొండిది.”

“నీలాగన్నమాట.”

వేడ్ పకపకా నవ్వాడు. “నా మీద దొంగతనం మోపావుగా. బదులుగా ఇప్పుడైనా అమ్ముతావా?”

“తప్పే, క్షమించు. అయినా ఛీ పో.”

జూనీ జీను పట్టీ కొస ఆరిన్ చేతికిచ్చింది. “బిగించు. నా బలం చాలదు.”

ఆయన పట్టీ అందుకుని జీను సరిచేశాడు. తర్వాత బిగించాడు. సరిపోయిందో లేదో వేలు దూర్చి చూసి, మళ్లీ ఒక రంధ్రం బిగించాడు.

జూనీ బ్రాకెట్ మూడు పీపాలూ తిరిగింది. రెండోది పడింది. నాలుగో స్థానం వచ్చింది. ఆమెకు మైదానం గేటు తీసింది ఆరిన్.