వీరేందర్ లిమిట్

దసరాకు మిల్లుల్లో మిషన్లన్నీ ఆపి పూజ చేస్తారు. పూజ చేసినదాన్ని ఆ రోజు ముట్టుకోవద్దంటారు. వేములపల్లి దారిలోని ఈ రైస్ మిల్లులోనూ బాయిలర్ చల్లగా పడి ఉంది. దాని మూతికి కుంకుమ, చుట్టూ తడి ఊక వాసన. పక్కనే కంప్యూటరు మీద బాయిలర్ ప్రోగ్రాం ఒక్కటే నడుస్తోంది.

ఓనరు పరశురాములుకు ఆచారమూ లేదు, సిగ్గూ లేదు. ఉంటే ఈరోజు మానసనే పిలుస్తాడా?

మానస కోదాడ కాలేజీలో సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెబుతుంది. మూడు నెలల కింద ఇక్కడే వాల్వు ఊడి, ఆవిరికి ఆమె తమ్ముడు, ఆపరేటరు వీరేందర్ ఉడికి పోయాడు. ప్రెషర్ పది దాటితే ప్రోగ్రాం మంట ఆపాలి. ఆపలేదు. లిమిట్‌ను పద్నాలుగు చేసింది వీరేందరే అని ఓనరు ఊరంతా చాటాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! ఇప్పుడేమో ఆ అంకె దానంతటదే మారుతోందట, ఆపరేటర్లు పారిపోతున్నారట.

తమ్ముడి మీది నింద తుడవాలనే మానస వచ్చింది. ఆ లిమిట్ ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. అంటే ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు బయటి నుంచి అందే విలువ. ఆమె అదే కంప్యూటరులో చిన్న సి ప్రోగ్రాం రాసింది. గెట్ఎన్వ్‌తో చదివితే 10. సెట్ఎన్వ్‌తో మారిస్తే 12. ముగించి మళ్ళీ నడిపితే 10.

"సూసిన్రా సార్? ప్రోగ్రాం లోపల మార్చింది దాంతోనే ఖతం. ఆ దినం ప్రోగ్రాం రెండుసార్లు మొదలైంది. రెండుసార్లూ పద్నాలుగే అని గీడ రికార్డుల ఉన్నది. అంటే స్టార్ట్ చేసే ఫైల్‌లనే మార్చిన్రు. దాని పాస్‌వర్డ్ ఎవరి కాడ ఉంటది?"

పరశురాములు బాయిలర్ ప్రోగ్రాం వైపే చూస్తున్నాడు.

లిమిట్ 11.

"నువ్వే... మారుస్తున్నవ్..."

మానస రెండు చేతులూ పైకెత్తింది. నడుస్తున్న ప్రోగ్రాంలోని విలువను బయటివాళ్ళు మార్చలేరు. ఆమె ఏటా పిల్లలకు చెప్పే పాఠమే అది.

12...

చల్లటి బాయిలర్ మీద మీటరు ముల్లు కదిలింది. ఊక కాలుతున్న వాసన.

13...

"నేనే! నేనే మార్చిన! బియ్యం లోడు జల్ది పోవాలని... వాడు వద్దనే అన్నడు!"

అంకె పదికి దిగింది.

"రేపు స్టేషన్ల గిదే మాట చెప్పాలె," పళ్ళు కొరుకుతూ అంది మానస.

"ముత్యాలమ్మ మీద ఒట్టు."

తెల్లారేసరికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. మానస కాలేజీ ల్యాబ్‌లో ఉండగా ఫోన్ చేశాడు. "నేనేం ఒప్పుకున్న? ఎవడన్న విన్నడా? బాయిలర్ అంటువెట్టిన, నన్ను పని చేస్కోనీ!"

మానస ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా పిల్లల కోసం పెట్టిన ప్రోగ్రాం, వేరియబుల్స్ అన్నీ వరుసగా చూపిస్తోంది. చివర ఆమె పెట్టని లైను ఒకటి. లిమిట్ 13. ఈ కంప్యూటరుకూ మిల్లుకూ ఏ సంబంధమూ లేదు. ఆ లైను తీసేసి మళ్ళీ నడిపింది.

14.

చావనీ అనుకుంది. తమ్ముడు అట్లాగే చచ్చాడు కదా... కానీ వీడూ చస్తే నింద పోతుందా? ఒప్పుకోవాల్సిన నోరు ఇదొక్కటే.

"సార్... బాయిలర్ కాడి నుంచి జరుగున్రి. జల్ది!"

అవతల ఓనరు గొంతు లేదు. ఆవిరి బుసకొడుతున్న చప్పుడు. దానిలోంచి, మెల్లగా...

"అక్కా... ఇగ నువ్వు ఫోన్ పెట్టెయ్."