జంపర్ జరిపిందెవరు?

కూర్చోమన్నా జాఫర్ కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, స్క్రూడ్రైవర్లున్న రెగ్జిన్ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. నల్లగొండ రామగిరిలోని ఆ మేడమీది గదికి భయపడుతూ వచ్చేవాళ్ళను యాదయ్య చాలామందినే చూశాడు. వాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు. ఈ కుర్రాడు మాత్రం ఇంకొకరిది పోగొట్టాడని బజారంతా అంటోంది.

“మెహమూద్ సాబ్ రేపు పోలీస్ స్టేషన్ల ఫిర్యాదు ఇస్తడట మేడం. నార్కట్‌పల్లిల నా దుకాణానికి ఎవ్వలు వస్తలేరు. రిపేరుకిచ్చిన కంప్యూటర్లు కూడ వాపస్ తీస్కపోయిన్రు. నేను ముట్టుకుంటే కాలిపోతయని చెప్పుకుంటున్నరు,” అన్నాడు జాఫర్.

“ఏం కాలిపోయిందో మొదటి నుంచి చెప్పు,” అంది ప్రమీలమ్మ.

ఆమెకు యాభై దాటాయి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఏళ్ళ తరబడి కాలిపోయిన పత్తి గోదాముల్లో తిరిగి, నిప్పు దానంతటదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ కొలువు వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు, హోంగార్డు పని మానేసి ఆమె వెంట వచ్చినవాడు యాదయ్య. ఆమె ఒక వస్తువును చూస్తున్నప్పుడు పక్కన నిలబడి ఆమెను చూడటం అతనికి అలవాటు. ఆమెకు ఏం కనబడిందో అతనికి ముందుగా తెలిసిన రోజు ఇంతవరకూ లేదు.

జాఫర్ చెప్పింది ఇది. ప్రకాశం బజారులో మెహమూద్ సాబ్‌కు పెళ్ళికార్డులు అచ్చువేసే దుకాణం ఉంది. అందులో పాత ఫోర్ ఎయిటీ సిక్స్ కంప్యూటర్ ఒకటి. తొంభై ఏడులో అందరూ పెంటియంలు కొంటున్నా, ఆయన కూతురు లాడ్లీ బేగం కొత్తది కొనలేక ఉన్నదానికే ప్రాసెసర్ మార్పించుకుందామనుకుంది. గురువారం జాఫర్ వచ్చి పాత ప్రాసెసర్ తీసి, వేగంగా నడిచే కొత్తది పెట్టాడు. పాతదానికి ఐదు వోల్టుల కరెంటు కావాలి, కొత్తదానికి మూడు వోల్టులు దాటితే చాలు. మదర్‌బోర్డు మీద వరుసగా నిలబడ్డ సూదుల్లాంటి పిన్నుల మీద ఒక చిన్న నల్ల టోపీ ఉంటుంది. దాన్ని జంపర్ అంటారు. ఆ టోపీని పీకి పక్క పిన్నులకు తొడిగితే వోల్టేజీ తగ్గుతుంది. పాత చోటే ఉంచితే కొత్త ప్రాసెసర్ ఐదు వోల్టులకు కాలిపోతుంది.

“నేను తొడిగిన మేడం. రెండుసార్లు చూసుకున్న. సాయంత్రం దాక కంప్యూటర్ మంచిగ నడిచింది. లాడ్లీ బేగమే కూసోని కార్డులు చేసింది. నేను బస్సెక్కి మా ఊరికి పోయిన. శుక్రవారం పొద్దుగాల ఆన్ చేస్తే పొగ వచ్చిందట. పోయి చూస్తే జంపర్ పాత జాగాలనే ఉన్నది. నేను మర్చిపోయిన అంటున్నరు.”

“ప్రాసెసర్ కాలితే ఇంకోటి కొంటరు. దానికి పోలీసులెందుకు?”

జాఫర్ సంచీని నేల మీద పెట్టాడు. “హార్డ్ డిస్క్ కూడ ఖాళీ అయింది. ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూసిన. మెహమూద్ సాబ్ చేతిరాత అంత అండ్లనే ఉండె.”

*

నల్లగొండలో సగం దుకాణాల బోర్డుల మీది తెలుగు అక్షరాలు మెహమూద్ సాబ్ చేతివే. కొమ్ము కొంచెం వంగి, తలకట్టు గాలికి లేచినట్టు ఉండే ఆ రాతను ఊరివాళ్ళు చూడగానే గుర్తుపడతారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆయన కుంచె పట్టలేదు. లాడ్లీ, ఆయన తమ్ముడి కొడుకు మక్సూద్ కలిసి పాత బోర్డులనూ కార్డులనూ వెతికి, ఒక్కో అక్షరాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, టైపు చేస్తే ఆయన రాతే పడేలా ఒక ఫాంటు తయారుచేశారు. చాలాచోట్ల ఆ పాత బోర్డులు ఇప్పుడు లేవు. ఫాంటు పోతే ఆ రాత మళ్ళీ వచ్చే దారి లేదు.

ప్రమీలమ్మా యాదయ్యా వెళ్ళేసరికి మెహమూద్ సాబ్ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

“ఆ పోరడు మంచోడే అనుకున్న. గంత పని ఆగం చేస్తడనుకోలే,” అన్నాడు.

లోపల లాడ్లీ మూత తీసిన కంప్యూటర్‌ను చూపించింది. ప్రాసెసర్ నడుమ గోధుమరంగు మచ్చ పడి ఉంది. ప్రమీలమ్మ భూతద్దం తీసి, ప్రాసెసర్‌ను ఒకసారి చూసి వదిలేసి, చాలాసేపు జంపర్‌ను చూసింది. పట్టకారుతో దాన్ని పీకి తెల్లకాగితం మీద పెట్టింది. యాదయ్య వంగి చూశాడు. ఆ నల్ల టోపీ అంచున గోటితో గీరితే పోయేంత ఎరుపు.

“ఫాంటు ఇంకెక్కడ పెట్టుకోలేదా అమ్మా?”

“రెండు ఫ్లాపీలల్ల కాపీ పెట్టి బీరువల దాచిన మేడం. ఇంకో కంప్యూటర్‌ల వేసి చూస్తే అవి కూడ ఖాళీగనే చూపిస్తున్నయి. బూజు పట్టినయేమో. మా నసీబు,” అంది లాడ్లీ.

“బీరువాకు తాళముంటదా?”

“లేదు. ఇంట్లోవాళ్ళమే గద.”

“కరెంట్ పోతే ఎట్ల? ఇన్వర్టర్ ఉన్నదా?”

“కరెంట్ పోతే పని బంద్. అంతే.”

“పొగ వచ్చిన సంగతి నీకెప్పుడు తెల్సింది?”

“శుక్రవారం పొద్దుగాల మక్సూద్ భాయి ఇంటికి ఉరికొచ్చిండు. నేను చాయ్ తాగుతున్న. వచ్చి చూసేవరకు కాలిన వాసన. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, షాక్ కొడ్తదన్నడు. నేను ముట్టుకోలే.”

మక్సూద్ వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ చట్రాలు కడుగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. అడిగినదానికల్లా నెమ్మదిగా, మర్యాదగా జవాబిచ్చాడు.

“గురువారం జాఫర్ పోయినంక ఏం చేసినవ్?”

“పెళ్ళోళ్ళు ముదురు ఎరుపు కావాలన్నరు. పొద్దుగూకినంక రంగు కలిపి, కార్డులు కొట్టిన. అప్పటికే పెద్దనాయిన, లాడ్లీ ఇంటికి పోయిన్రు.”

“తెల్లారి?”

“దుకాణం తెరిచి, అగర్‌బత్తి ముట్టిచ్చి, కంప్యూటర్ ఆన్ చేసిన. టప్‌మని పొగ వచ్చింది. బంద్ చేసి ఇంటికి ఉరికిన.”

ప్రమీలమ్మ గోడకు అంటించిన ఒక పెళ్ళికార్డును చూసింది. “ఈ అక్షరాలు మంచిగున్నయి. ఒత్తులు కూడ మీ పెద్దనాయన రాసినయేనా?”

మక్సూద్ కడగడం ఆపాడు. “బోర్డుల మీద అన్ని ఒత్తులు ఎక్కడ దొరుకుతయి మేడం? దొరకనియన్ని నేనే గీసిన. ‘క్ష’ చూడున్రి. దాన్ని ఎన్నిసార్లు చెరిపి గీసిన్నో నాకే తెలుసు.” చట్రాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచుతూ అన్నాడు. “ఫాంటు పేరు మాత్రం లాడ్లీ.”

ఎదురుగా ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపే లింగస్వామి ఆ ఫాంటు తనకు అమ్మమని నాలుగైదుసార్లు అడిగి, కాదనిపించుకున్నాడని బజారులో చెప్పారు. గురువారం సాయంత్రం కొత్త ప్రాసెసర్ చూస్తానని ఇక్కడికి వచ్చాడు కూడా. యాదయ్యకు అనుమానమంతా ఆయన మీదే.

“వచ్చిన. చూసిన. మెహమూద్ సాబ్ వాళ్ళు లేస్తే వాళ్ళతోనే బయటికొచ్చిన,” అన్నాడు లింగస్వామి చిరాగ్గా.

“శుక్రవారం పొద్దున ఎక్కడున్నరు?”

“హోటల్ కాడ కూసున్న, నా పనోళ్ళతోని. పొద్దుగాలటి సంది మధ్యాహ్నం జుమా నమాజు దాక మా బజారుకంత కరెంట్ లేదు. స్తంభం మీద వైరు తెగింది. మిషన్ బంద్ పెట్టి ఏం జేయాలె మరి? అడుగున్రి, పదిమంది చెప్తరు.”

ప్రమీలమ్మ పక్కనున్న ఇస్త్రీ బండివాణ్ణీ, జిరాక్సు దుకాణం ఆమెనూ అడిగింది. ఇద్దరూ అదే చెప్పారు.

తిరిగి వస్తూ యాదయ్య స్కూటరు నడుపుతూ అన్నాడు. “లింగస్వామి దగ్గర కూడ రంగులుంటయి గద మేడం. ఆ ఎరుపు ఆయన చేతిదై ఉండొచ్చు.”

“ఉండొచ్చు. అది ఏ డబ్బాలోదో చూడాలె,” అంది ఆమె.

*

మర్నాడు పొద్దున మెహమూద్ సాబ్ ఫిర్యాదు ఇవ్వడానికి బయల్దేరకముందే ప్రమీలమ్మ అందరినీ దుకాణంలో కూర్చోబెట్టింది. మెహమూద్ సాబ్, లాడ్లీ, మక్సూద్ ఒకవైపు, లింగస్వామి వాకిట్లో స్టూలు మీద. జాఫర్ గడప దాటి లోపలికి రాలేదు.

“జాఫర్‌ను ఒకటే అడుగుత,” అందామె. “ప్రాసెసర్ కాలితే హార్డ్ డిస్క్‌ల రాసింది చెరిగిపోతదా?”

“పోదు మేడం. అది వేరే, ఇది వేరే. డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు పెడ్తే ఉన్నదంత కనబడాలె.”

“డిస్క్ సంగతి మనకు తెల్వదనుకుందాం. బీరువలున్న ఫ్లాపీల సంగతేంది? జాఫర్ చేసిన తప్పు బీరువ తలుపు తీసుకొని లోపలికి పోయిందా? రెండు ఫ్లాపీలు, ఒక డిస్క్, ఒక్కసారే ఖాళీ అయినయి. ఎవరో కావాలని చెరిపిన్రు. చెరిపినంక నేరం ఎవరి మీదనన్న పడాలె. ఆ రోజే జాఫర్ ప్రాసెసర్ మార్చి పోయిండు. అంతకంటే మంచి అవకాశం దొరకదు.”

ఆమె కాగితంలో చుట్టిన జంపర్‌ను బల్ల మీద పెట్టింది. పక్కన పెళ్ళికార్డు ఒకటి పెట్టింది. రెండింటి మీదా ఒకే ముదురు ఎరుపు.

“ఈ రంగు దుకాణంల దొరికేది కాదు. పెళ్ళోళ్ళ కోసం గురువారం పొద్దుగూకినంక కలిపింది. అప్పటికి జాఫర్ బస్సుల ఉన్నడు. లింగస్వామి, సాబ్, లాడ్లీ ముగ్గురు బయటికి పోయిన్రు. రంగు చేతులతోని ఈ టోపీని పీకి పాత జాగాల పెట్టినోడు ఒక్కడే.”

అందరి చూపూ మక్సూద్ మీదికి వెళ్ళింది.

“నా చెయ్యి తర్వాత తగిలి ఉండొచ్చు,” అన్నాడు. “పొగ వచ్చినప్పుడు ఏం కాలిందోనని ముట్టుకున్న.”

“పొగ ఎప్పుడు వచ్చింది?”

“చెప్పిన గద. శుక్రవారం పొద్దుగాల, ఆన్ చేయంగనే.”

“ఆ పొద్దుగాల ఈ బజారుల కరెంట్ లేదు,” అంది ప్రమీలమ్మ. “నమాజు వేళకు గాని రాలే. లింగస్వామి మిషన్ బంద్ పెట్టి కూసున్నడు. నువ్వు అంతకు చాన ముందే ఇంటికి ఉరికినవ్. మీ దుకాణంల ఇన్వర్టర్ లేదు. కరెంట్ లేని కంప్యూటర్ ఎట్ల కాలింది మక్సూద్? అది గురువారం రాత్రే కాలింది, నీ కళ్ళ ముందటనే. తెల్లారి నువ్వు దుకాణం తెరిచి, స్విచ్ కూడ వెయ్యకుండ ఇంటికి ఉరికినవ్. వేసుంటే కరెంట్ లేదన్న సంగతి నీకు తెల్సేది. లాడ్లీని కూడ స్విచ్ ముట్టనియ్యలే.”

మక్సూద్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో రంగు ఇంకా ఉంది.

“హైదరాబాద్‌ల ఒక పుస్తకాల కంపెనీ వాళ్ళు పిలిచిన్రు,” అన్నాడు చివరికి. “సొంత ఫాంటుతో వస్తే కొలువిస్తమన్నరు. ఇక్కడ ఇంకోటి ఉంటే నాది ఎట్లయితది? పెద్దనాయినా, చిన్నప్పటి సంది నీ కుంచెలు కడిగిన. సగం అక్షరాలు నేను గీసిన. పేరు పెట్టేటప్పుడు ఎవ్వలన్న నన్ను అడిగిన్రా?”

లాడ్లీయే అంది. “అడిగితే నీ పేరు కూడ పెట్టేదాన్ని భాయ్. జాఫర్ బతుకు ఎందుకు ఆగం చేసినవ్?”

మక్సూద్ గోటి సందులోని రంగును గీరుతూ కూర్చున్నాడు.

“నీ కాపీ ఎక్కడున్నది?” అడిగింది ప్రమీలమ్మ. “లేదని చెప్పకు. నువ్వు గీసిన ‘క్ష’ను నువ్వు చెరపవు.”

యాదయ్య అతని వెంట వెళ్ళాడు. మక్సూద్ తన గదిలోని పాటల క్యాసెట్ల డబ్బా అడుగు నుంచి మూడు ఫ్లాపీలు తీసి, తెచ్చి, లాడ్లీ చేతిలో పెట్టాడు. లింగస్వామి తన కంప్యూటర్‌లో వేసి చూపిస్తే అక్షరాలన్నీ ఉన్నాయి.

పోలీసుల మాట ఎత్తింది లింగస్వామే. మెహమూద్ సాబ్ ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

“వీడు నా తమ్ముని కొడుకు. ఒత్తులు మంచిగనే గీసిండు. ఆ మాట నేను ముందే అనాల్సి ఉండె.” ఆయన మక్సూద్ వైపు చూడకుండానే చెప్పాడు. “హైదరాబాద్ పో. ఒట్టి చేతులతోని పో. ఈ గడప మళ్ళ తొక్కకు.”

మక్సూద్ చెప్పులు వేసుకుని బజారులోకి దిగాడు. మలుపు తిరిగే దాకా ఒకసారి కూడా వెనక్కి చూడలేదని యాదయ్య గమనించాడు.

ఆ తర్వాత మెహమూద్ సాబ్ కూర్చున్నచోటి నుంచి కష్టపడి లేచి, గడప దగ్గరికి వచ్చాడు. “లోపటికి రా బేటా. నీకు తప్పు మాట అన్న. బజారుల అన్న గదా, బజారులనే చెప్త, నీ తప్పు లేదని.”

మరుసటి వారం జాఫర్ ఇంకో ప్రాసెసర్‌తో వచ్చాడు. దాని ఖర్చు మెహమూద్ సాబే పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం అటుగా వెళ్తూ ప్రమీలమ్మా యాదయ్యా ఆగారు. కంప్యూటర్ మూత తీసి ఉంది. జాఫర్ లోపలికి వంగి ఉంటే, మెహమూద్ సాబ్ ఎడమచేత్తో టార్చి పట్టుకుని నిలబడ్డాడు. లాడ్లీ వచ్చి పట్టుకోబోతే ఇవ్వలేదు.

“ఇప్పుడు టోపీ ఏ జాగాల ఉన్నది?” అని అడిగాడు.

“గిక్కడ సాబ్. చూడున్రి.”

ఆయన బాగా వంగి, తల దించి చూశాడు. “మళ్ళొక్కసారి చూపియ్,” అన్నాడు.

జాఫర్ మళ్ళీ చూపించాడు.