తొమ్మిదో వరుస

"వత్తులు వచ్చాయా?" అని అడిగాడు ఇందుమౌళి.

"వచ్చాయి సార్. ఈసారి ఒక్కటీ తెగలేదు," అంది అతని సహాయకురాలు కమలిని.

పత్రధారి అనే యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త ఇందుమౌళి. కొన్నాళ్ళుగా ఈ వత్తులు అతని ప్రాణం తోడేస్తున్నాయి. యంత్రం తయారుచేసే ప్రతి పేజీలోనూ అక్షరం కింద ఉండాల్సిన వత్తు సగానికి తెగిపోయేది. తప్పు ఫాంటుది. దాన్ని గీసిన మహానుభావులెవరో అక్షరం తలకిచ్చినంత చోటు కాళ్ళకివ్వలేదు. ఇందుమౌళి దాన్ని తీసేసి, వరుసకీ వరుసకీ మధ్య ఎక్కువ ఎడం ఉండే ఇంకో ఫాంటు పెట్టాడు. తెగిన వత్తు ఉన్న ఏ పేజీకీ సీలు వేయొద్దని యంత్రానికి గట్టిగా నేర్పాడు కూడా. గదిలో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. జిలేబీ తెప్పించుకుని తిన్నారు.

పాలరేవు పట్నాన్ని అప్పటికే సముద్రం కొరుక్కు తింటోంది. సగం వీధులు నీళ్ళలో ఉన్నాయి, మిగతా సగాన్ని ఒక గట్టు కాపాడుతోంది. అది ఎక్కువ రోజులు ఆగదని అందరికీ తెలుసు. అందుకని దూరంగా మెట్ట మీద ఓ కొత్త నగరం కట్టి, జనాన్ని రైళ్ళలో అక్కడికి పంపుతున్నారు.

యంత్రం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ప్రతి ఇంటివాళ్ళూ తమ వివరాలు ఫోనులో నింపుతారు. అవి ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలో నిల్వ ఉంటాయి. అంటే, వంటింట్లో డబ్బాలకి చీటీలు అంటించినట్టు, ఇది పేరు, ఇది వయసు, ఇది నింపినవారి గుర్తు అని రాసి దాచడమే. అందులో ఎంతమందినైనా చేర్చుకుంటూ పోవచ్చు. పత్రధారి దాన్ని చదివి పీడీఎఫ్ అనే పేజీగా మారుస్తుంది. పేజీకి మాత్రం నాలుగు వైపులా హద్దులుంటాయి. కుటుంబానికి ఒకటే పేజీ, పేజీకి ఒకటే సీలు. రైలుస్టేషను ద్వారం దగ్గరున్న యంత్రం సీలు పడ్డ ఆ పేజీని మాత్రమే నమ్ముతుంది.

మనిషిని ఎందుకు పెట్టలేదంటారా? మనుషులైతే లంచాలు మేస్తారు, మాకు మనుషులు వద్దు అని ఊరేగింపులు తీసింది మనమే. సరే, వద్దన్నారు. ఇప్పుడు బతిమాలుకోవాలన్నా అక్కడ ఎవరూ లేరు.

ఆఖరి రైలు వెళ్ళే రోజు నూకరత్నం పరుగున ఇందుమౌళి గదికి వచ్చింది. ఆమెది ఎండుచేపల షెడ్డులో పని. ఇంట్లో అత్త, మొగుడు, మరిది, తోడికోడలు, ఇద్దరి పిల్లలూ కలిసి నలుగురు, తను.

"ఎనిమిది మందినీ రానిచ్చిందండి. నా కాడికొచ్చేసరికి ఎర్రలైటు ఎలిగింది. మావోళ్ళందరూ లోపలుండిపోయారు. కాస్త సూడండి బాబూ."

ఇందుమౌళి ఎక్స్‌ఎంఎల్ తెరిచాడు. "ఇదిగో, ఉన్నావు కదమ్మా. పేరుంది, వయసుంది."

తర్వాత పీడీఎఫ్ తెరిచాడు. ఎనిమిది వరుసలున్నాయి. వాటి కింద హద్దు గీత, దాని మీద సీలు. తొమ్మిదో వరుస లేదు.

అతనికి ఒక్క క్షణంలో అర్థమైంది. కొత్త ఫాంటుతో ప్రతి వరుసా కొంచెం లావెక్కింది. అన్నీ కలిసి తొమ్మిదో వరుసని హద్దు అవతలికి తోసేశాయి. హద్దు దాటినదాన్ని యంత్రం కత్తిరించి పారేసింది, కిక్కురుమనకుండా. పరీక్షలకి వాడింది ఆఫీసువాళ్ళ కుటుంబాల వివరాలు. ఆ ఇళ్ళల్లో నలుగురికి మించి ఎవరూ లేరు. తొమ్మిది మంది ఒకే కుండలో వండుకు తింటారన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

"కూర్చో అమ్మా, సరిచేస్తాను," అన్నాడు.

అక్షరాలు చిన్నవి చేశాడు. ద్వారం యంత్రానికి అవి ఆనలేదు. మిగిలిన పేరుని రెండో పేజీలో పెట్టాడు. రెండో పేజీకి సీలు లేదు పొమ్మంది యంత్రం. విడిగా ఇంకో కుటుంబంగా చూపిద్దామంటే ఇల్లు తనిఖీ చేసి అవునని చెప్పాల్సినవాళ్ళు ముందే రైలెక్కి పోయారు. చివరికి పాత ఫాంటే మళ్ళీ పెట్టాడు. తొమ్మిది వరుసలూ ముచ్చటగా పట్టాయి. కానీ వత్తులు తెగాయి. అలాంటి పేజీకి సీలు వేయొద్దని నేర్పింది తనే. నేర్పింది మరిపించాలంటే రోజులు పడుతుంది. ఎంత మొత్తుకున్నా యంత్రం ఆ మాట మీదే నిలబడింది.

"ఒక్క దారి ఉంది," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండా. "వరుసలు అటూ ఇటూ మార్చొచ్చు. నీ పేరు పైకి తెస్తాను."

"తెచ్చెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటాది!" అని, మళ్ళీ తనే ఆగింది. "అప్పుడు ఆఖర్న ఎవరుంటారండి?"

"ఇప్పుడు ఎనిమిదోదిగా ఉన్న పేరు. మీ తోడికోడలి చంటిపాప."

"ఆళ్ళమ్మ సంకలో ఉంటాది కదండీ?"

"సంకలో ఉన్నా, లోపలికెళ్ళినా, రైలెక్కేముందు యంత్రం మళ్ళీ లెక్కపెడుతుందమ్మా. ఎవరి పేరు ఆఖర్న పెట్టినా వాళ్ళు ఇక్కడే ఉండిపోవాలి. ఎవర్ని పెట్టమంటావో నువ్వే చెప్పు."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైలు మొదటి కూత వినపడింది.

"ఎవర్నీ వద్దండి. ఉన్నదున్నట్టే ఉంచెయ్యండి."

"అసలు నీ పేరు అందరికన్నా చివర ఎందుకు రాశావమ్మా?" ఇందుమౌళి గొంతులో కోపం వినపడింది. ఆ కోపం ఆమె మీద కాదు.

"నింపింది నేనే కదండీ. ఇంట్లో అందర్నీ రాసేకే కదండీ మనల్ని మనం రాసుకునేది? ముందు నా పేరే పెట్టుకుంటే సూసినోళ్ళు ఏమనుకుంటారు?"

ఇందుమౌళి గబగబా తెరవైపు తిరిగాడు. తొమ్మిది మందీ, అంతకు మించీ ఉన్న ఇళ్ళన్నీ తెరమీద తిరగేశాడు. దాదాపు ప్రతి ఇంట్లోనూ జారిపోయింది ఫోను పట్టుకుని ఓపిగ్గా అందరి వివరాలూ నింపిన మనిషే. లేచి బయటికొచ్చి చూస్తే ద్వారం ముందు ఓ పెద్ద గుంపుంది. ఎక్కువమంది ఆడవాళ్ళే. కమ్మీల మధ్యనుంచి లోపలి పిల్లలకి అన్నం మూటలు అందిస్తున్నారు, జాగ్రత్తలు చెబుతున్నారు. ఇందుమౌళికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. అతని పేజీలో నాలుగే వరుసలు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అతనూ ఆ రైలే ఎక్కాడు.

కొన్ని రోజులకి పాలరేవు గట్టు తెగింది. కింది నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

మెట్ట మీద పేర్లు తప్పిపోయినవాళ్ళ కోసం ఓ కిటికీ తెరిచారు. పట్టుబట్టి దాని వెనక కూర్చున్నది ఇందుమౌళే. వాళ్ళకోసం పడవలు పంపాలంటే ముందు పేర్లు పేజీకెక్కాలి. మొదటగా వచ్చింది నూకరత్నం మొగుడు సింహాద్రి. భార్య పేరు చెప్పి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఇందుమౌళి ఆ ఇంటి పేజీ తెరిచి సవరణ అడిగాడు. యంత్రం జవాబిచ్చింది. అతను దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఏమంటందండీ?" అన్నాడు సింహాద్రి.

"దొంగ సవరణలు జరక్కుండా పెట్టిన నిబంధన ఇది. వివరాలు మొదట నింపినవాళ్ళే వచ్చి వేలిముద్ర వేయాలట."

"నింపింది ఆవిడేనండి," అన్నాడు సింహాద్రి. "ఆవిడే కదండీ కిందుండిపోయింది."

అతని వెనక వీధి మలుపు దాకా జనం నిలబడి ఉన్నారు. అందరూ చెప్పడానికొచ్చింది ఆ మాటే.