రెండో క్యాబిన్‌లో కార్తీక సోమవారం

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై రెండు నిమిషాలు. పచ్చరాయి ఉంగరం ఒకటి మాయమైంది.

మాయమైన చోటు నందిగామ హైవే పక్కన ఉన్న ‘వింగ్స్ దర్బార్’. పేరుకే దర్బార్. లోపల ప్లాస్టిక్ గడ్డి, గోడ మీద నల్లకళ్ళజోడు పెట్టుకున్న కోడిపుంజు బొమ్మ. ఇంట్లో కూర వండితే పిల్లలు కూడా పక్కకు నెట్టేసే కోడిరెక్కకు ఇక్కడ ఏడు రకాల సాసులు పూసి, ఏడు ఇంగ్లీషు పేర్లు తగిలిస్తారు. తినడానికి ప్లాస్టిక్ గ్లవ్స్ ఇస్తారు. జనం కోడిని తింటున్నారో, దానికి ఆపరేషన్ చేస్తున్నారో అర్థం కాదు.

రెండుంబావుకి ఎస్.ఐ. ఫ్లోరెన్స్ లోపలికి వచ్చింది. వెనకాలే కానిస్టేబుల్ శాంతయ్య.

“రామ్మా, రా. ఇదుగో దొంగ. తీసుకెళ్ళు,” అన్నాడు జగన్నాథరావు.

ఆయనది జగ్గయ్యపేట. అక్కడ కోల్డ్ స్టోరేజీ, ఇక్కడ ఈ బిల్డింగు ఆయనవే. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు. పక్క కుర్చీలో భార్య భారతీదేవి. తెల్లవారుజాము నుంచి ఉపవాసం. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ శివాలయానికి వెళ్ళి వచ్చేసరికి ఇక్కడ ఈ గోల.

దొంగ అని ఆయన చూపించిన మనిషి రత్నమణి. రోజూ కీసర నుంచి బస్సులో వచ్చి ఇక్కడ టేబుళ్ళు తుడుస్తుంది. ఆమె సంచి అప్పటికే నేల మీద బోర్లించి ఉంది. టిఫిన్ బాక్సు, గొడుగు, చిన్న బైబిలు.

“ఉంగరం ఎక్కడ పెట్టారండి?” అడిగింది ఫ్లోరెన్స్.

“వాష్ బేసిన్ గట్టు మీద. నా చేత్తో నేనే తీసి పెట్టా. మొహం కడుక్కున్నా. ఇంతలో ఫోనొచ్చింది, పక్కకెళ్ళా. తిరిగొస్తే లేదు. మధ్యలో అక్కడికెళ్ళింది ఇదొక్కతే.”

“ఎవరైనా చూశారా?”

“నేను చెప్తుంటే ఇంకొకరు చూడాలా? స్టేషన్లో ఒక్కపూట కూర్చోబెట్టు. అదే కక్కుద్ది.”

ఏం నోరండీ అది! పొద్దున్నే ఆ నోటితోనే శివనామం జపించి వచ్చాడు పెద్దమనిషి.

రత్నమణి ఏడవలేదు.

“నేను తియ్యలేదు మేడమ్. వచ్చే సోమవారం స్కూల్లో ఆయాగా చేరాలండి. పోలీసు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇప్పుడు కేసు పడితే నన్నింకెవరు తీసుకుంటారండి?”

ఫ్లోరెన్స్ జగన్నాథరావు వైపు తిరిగింది.

“మీరు ఇక్కడేం తిన్నారండి?”

“శివ శివా! కార్తీక సోమవారమమ్మా ఇవాళ. నక్షత్రం కనపడేదాకా ఒట్టి మంచినీళ్ళే. మీకు తెలియదులే.”

“తెలుసండి. మరి కర్టెన్ వేసిన ఆ రెండో క్యాబిన్‌లో కూర్చున్నారటగా, అక్కడేం చేశారు?”

“ఏసీ ఉందని కూర్చున్నా. లెమన్ సోడా తాగా. ఉపవాసాలతో చిక్కి సగమయ్యా. ఉంగరం కూడా వదులైపోయింది.”

“సోడానే మేడమ్. సోడా ఒక్కటే,” అన్నాడు రెస్టారెంటు ఓనరు హరిచరణ్. అతన్ని ఎవరూ అడగలేదు.

“సీసీ కెమెరా చూపించండి.”

“నాలుగుసార్లు చూశామండి. బేసిన్‌కి స్తంభం అడ్డం.”

అయినా చూపించాడు. 1:22కి క్యాబిన్ కర్టెన్ తొలగింది. జగన్నాథరావు బయటికొచ్చి స్తంభం వెనక్కి వెళ్ళాడు. 1:24కి అదే క్యాబిన్‌లోంచి హరిచరణ్ ట్రేతో వచ్చాడు. 1:26కి రత్నమణి తుడుపుకర్రతో స్తంభం వెనక్కి వెళ్ళింది.

ఫ్లోరెన్స్ మొదటి పది సెకన్లే మళ్ళీ మళ్ళీ వేసింది. ఆరుసార్లు.

“రత్నమణి వచ్చేది ఇంకా ముందుకుందండి,” అన్నాడు హరిచరణ్.

“నాక్కావాల్సింది ఆవిడ కాదు.”

అందరినీ స్క్రీన్ ముందుకు పిలిచింది.

“శాంతయ్యగారూ, ఈయన కర్టెన్ దేంతో తోశారు?”

“మోచేత్తో మేడమ్.”

“ఫోన్?”

“ఎడంచేతిలో.”

“కుడిచెయ్యి?”

శాంతయ్య తన కుడిచెయ్యి ఎత్తాడు. వేళ్ళు ముడిచి, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని చూపించాడు. అంతలో అతనికే నవ్వొచ్చింది.

“ఎంగిలి చెయ్యి మేడమ్. అన్నం తిని లేచినట్టుంది.”

“సోడా తాగినాయనకి ఎంగిలి చెయ్యి ఎక్కణ్ణించి వచ్చింది?”

ఫ్లోరెన్స్ టేబుల్ మీదున్న ప్లాస్టిక్ గ్లవ్స్ చేతిలోకి తీసుకుంది.

“గ్లవ్ వేసుకుని తిన్నారు. గ్లవ్ తీసేశాక చేతికి మరకైనా లేదు. కానీ ఎంగిలి చేత్తో దేన్నీ ముట్టుకోకూడదని మనందరికీ చిన్నప్పుడే నేర్పారు. ఆ అలవాటే ఈయన్ని పట్టిచ్చింది. మీరంతా వీడియోలో ఆవిడ చేతుల కోసం వెతికారు. ఈయన చెయ్యి ఎవరూ చూళ్ళేదు.”

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?” అని లేచాడు జగన్నాథరావు.

“కూర్చోండి. రత్నమణిగారూ, మీ ఓనరు రోజూ ట్రేలు ఎత్తుతారా?”

“బాబు ఎప్పుడూ పళ్ళెం ముట్టుకోరండి.”

హరిచరణ్ తల వంచుకున్నాడు. “బిల్డింగు ఓనరండి. ఎవరికీ తెలియకూడదన్నారు. ప్లేటు, గ్లవ్స్ తీసుకెళ్ళి వెనక డ్రమ్ములో పడేశా.”

“వదులైన ఉంగరం, చెమట పట్టిన వేలు. గ్లవ్ లాగితే ఉంగరం లోపలే ఉండిపోయింది. బేసిన్ దగ్గర వేలు బోసిగా కనపడింది. ఎక్కడ పోయిందో నిజం చెప్తే ఏం తిన్నారో కూడా చెప్పాలి. అందుకని బేసిన్ గట్టు కథ అల్లారు. రత్నమణిగారి మీదికి తోశారు.”

“అంతా నీ ఊహ!”

“అయితే డ్రమ్ములో వెతుకుదాం పదండి.”

శాంతయ్య ముందుకు కదిలాడు. ఫ్లోరెన్స్ ఆపింది.

“ఆయన ఎంగిలి మీరెందుకు తీస్తారు?”

జగన్నాథరావు లాల్చీ చేతులు పైకి మడిచాడు. ఎముకల్లో, ఎర్రటి సాసులో, ఎవరెవరో చీకి పడేసిన రెక్కల్లో చెయ్యి పెట్టాడు. ఊరికి నీతులు చెబుతూ ఆడించే చెయ్యి అది. మూడో గ్లవ్ వేలిలో పచ్చరాయి మెరిసింది.

“దొరికిందిగా. ఇక వదిలెయ్యమ్మా,” అన్నాడు మెత్తగా.

“కాగితం మీద రాసివ్వండి. ఉంగరం ఎక్కడ, ఎలా దొరికిందో. రత్నమణిగారు తియ్యలేదని కూడా. అబద్ధపు కంప్లయింటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.”

“తిన్నానని రాయక్కర్లేదుగా?”

భారతీదేవి లేచి పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“రాయండి. ఎన్ని ముక్కలో కూడా రాయండి.”

ఆయన భార్య మొహం వైపు చూడలేకపోయాడు. రాశాడు. పన్నెండు.

రత్నమణి తన సామాన్లు సంచిలో సర్దుకుంది. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది.

“పోన్లే రత్నమణీ, అయిపోయింది. రేపు మామూలుగా వచ్చెయ్,” అన్నాడు హరిచరణ్.

“రాను బాబూ.”

కాగితం అతని ముందు పెట్టి, కింద ఖాళీగా ఉన్నచోట వేలు ఆనించింది.

“ఇక్కడ మీరు కూడా సంతకం పెట్టండి. ఆయనకి వడ్డించింది మీరేగా.”