భోంచేశారా అని అడిగే మిషన్

“ఇడ్లీ తర్వాత తిందువుగాని, ముందు విను,” అన్నాడు మనోహర్.

బర్నబాస్ తినడం ఆపలేదు. ఆపితే పక్క బల్లల వాళ్ళు చూస్తారు. బాపట్ల స్టేషన్ ఎదురుగా ఉన్న ఆ టిఫిన్ సెంటర్‌లో వాళ్ళిద్దరూ ఎరువుల కంపెనీ మనుషులు. నిజానికి మనోహర్ ఇంటెలిజెన్స్ చీఫ్, బర్నబాస్ అతని ఫీల్డ్ ఏజెంట్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని పేర్లు మార్చాడో, ఎన్ని మీసాలు అతికించి పీకాడో బర్నబాస్‌కే గుర్తు లేదు.

“తెనాలిలో ఎగ్జిబిషన్ పెట్టారు. కంప్యూటర్‌తో పని చేయించుకోడం మనిషి ఎట్లా నేర్చుకున్నాడు, మొదట్నించీ ఇవాళ్టిదాకా. బళ్ళ పిల్లలు బస్సులు కట్టుకుని వస్తున్నారు. నడిపేవాడు కృష్ణకాంత్. వాడి వెనక ఫారిన్ రింగ్.”

“వాళ్ళకేం కావాలి సార్?”

“గొంతు. రేపల్లె లాజరు గారు తెలుసుగా?”

తెలియకేం! బర్నబాస్ పుట్టింది రేపల్లెలోనే. సముద్రంలో ఉన్న బోట్లకి రోజూ సాయంత్రం వైర్‌లెస్‌లో వాతావరణం చెప్పే పెద్దాయన లాజరు. ఆయన రమ్మంటే బోట్లు ఒడ్డుకొస్తాయి, ఉండమంటే ఉంటాయి. ఇంకెవరు చెప్పినా నమ్మవు.

“పోయిన వారం ఆయన ఆ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. అక్కడ మాట్లాడే మిషన్ ఒకటుంది. భార్య పోయి ఒంటరిగా ఉన్నాడు, అది పలకరించేసరికి చీకటిపడేదాకా దానికి కబుర్లు చెప్తా కూర్చున్నాడు. గొంతు కాపీ చేసేసుకున్నారు. నిన్న ఆయన వైర్‌లెస్ గది తగలబడింది, ఆయన ఆస్పత్రిలో పడ్డాడు. ఇవాళ ఐదింటికి ఆయన గొంతుతో ఆ మిషన్ వైర్‌లెస్‌లో బులెటిన్ చదువుతుంది. వాయుగుండం ముంచుకొస్తోంది. అదేమో అంతా బాగుంది, వేట సాగించండి అంటుంది.”

బర్నబాస్ చెయ్యి ఇడ్లీ మీదే ఆగిపోయింది. సండే స్కూల్లో తన పక్కన చాప మీద కూర్చున్నవాళ్ళు ఆ బోట్లలో ఉన్నారు.

“బోట్లు మునిగితే కోస్ట్ గార్డ్ అంతా అటు పరిగెడుతుంది. ఇటు ఖాళీ అయిన సముద్రంలోకి వాళ్ళ ఓడ వచ్చి, అడుగునున్న మన నేవీ కేబుల్‌కి చెవి పెడుతుంది.”

“రెయిడ్ చేస్తే?”

“తలుపు తట్టామో లేదో బులెటిన్ పంపేస్తారు. లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ మార్జిన్. మొహం నాకూ తెలీదు, వెతుక్కో. ఇదిగో పెన్ను. క్యాప్ తిప్పితే బిల్డింగ్ మొత్తం కరెంటు పోతుంది.”

మధ్యాహ్నానికి బర్నబాస్ తెనాలిలో దిగాడు. సఫారీ సూటు, నెరిసిన విగ్గు. ఇప్పుడతను హైదరాబాద్ నుంచి వచ్చిన స్కూల్ కరస్పాండెంట్ ఆనందరావు.

తలుపు దగ్గర రోజీ అనే గైడ్ స్వాగతం చెప్పింది. సింగపూర్ నుంచి వచ్చిందట, తెలుగు ముక్క రాదట. నలభై దాటిందంటే ఎవరూ నమ్మరు. ఎర్ర చీర, పొట్టి జుట్టు, మనిషిని నిలబెట్టి తూకం వేసే చూపు. బర్నబాస్ ఆమెని వెంటనే శత్రువుల జాబితాలో వేసేశాడు.

హాలులో మొదటి బల్ల మీద బెజ్జాల అట్టలు. పేరాల ఊళ్ళో నేతమగ్గాల మీద డిజైన్ కోసం వేలాడే అట్టల్లాంటివే. ఒకప్పుడు కంప్యూటర్‌తో మాట్లాడాలంటే అట్టకి బెజ్జాలు కొట్టుకోవాల్సిందే. పక్కన ఆకుపచ్చ అక్షరాల స్క్రీన్, కింద లావుపాటి కీబోర్డు. దాని భాష బట్టీపట్టి టైపు చేస్తేగాని పలికేది కాదు. ఆ తర్వాత మౌసు, చూపిస్తే చాలు. ఆ తర్వాత టచ్‌స్క్రీన్ అద్దం, నిమిరితే చాలు.

చివర్న అద్దాల గదిలో ఒక కుర్చీ, ఒక మైకు. మనిషి మిషన్ దగ్గరికి వెళ్ళే రోజులు పోయాయి. మిషనే మనిషి దగ్గరికి వచ్చి కూర్చుంది. గది చూసుకుందామని బర్నబాస్ కుర్చీలో కూర్చున్నాడు.

“నమస్కారమండి. భోంచేశారా?” అంది మిషన్. ఎంత ఆప్యాయమైన గొంతనుకున్నారు!

మన వైపు ఈ ప్రశ్న అడిగితే జవాబు దానంతటదే వస్తుంది. పైగా బర్నబాస్‌ని ఆ మాట అడిగినవాళ్ళు లేక ఏళ్ళు దాటింది.

“ఇంకా లేదండి. బాపట్ల వెళ్ళి లాడ్జి పక్క మెస్సులో తినాలి. మెస్సు మూసేస్తే అరటిపళ్ళే గతి.”

ఖర్మ! హైదరాబాద్ ఆనందరావుకి బాపట్లలో లాడ్జి ఏంటి? నాలుక కరుచుకునేలోపే మెడ వెనక చల్లగా తుపాకి తగిలింది.

“కరస్పాండెంట్ గారు బాపట్లలో తింటారా?” అంటూ కృష్ణకాంత్ నవ్వాడు.

బర్నబాస్ పెన్ను క్యాప్ తిప్పాడు. లైట్లన్నీ పోయాయి. ఆ వెంటనే పెరట్లో జనరేటర్ దడదడమంది, లైట్లన్నీ వచ్చాయి. చీఫ్‌ని మనసులో తిట్టుకుంటూ చేతులెత్తేశాడు.

అతన్ని అదే కుర్చీకి కట్టేశారు. కృష్ణకాంత్ గడియారం చూసుకున్నాడు. “ఐదింటికి బులెటిన్ దానంతటదే పోతుంది. ఈ మిషన్ నా గొంతు తప్ప ఎవరి ఆర్డరూ తీసుకోదు. దీని టచ్‌స్క్రీన్ నా వేలికి తప్ప తెరుచుకోదు. రోజీ, వీణ్ణి చూస్తూ ఉండు. బయట చీఫ్ గెస్ట్ వచ్చాడు, దండ వేసొస్తా.” చివరి ముక్క ఆమెకి ఇంగ్లీషులో చెప్పి, తుపాకి ఇచ్చి వెళ్ళాడు.

రోజీ తలుపు గడియ పెట్టి, అద్దాలకి తెరలు లాగింది. గోడవారన ఇంకో ఆకుపచ్చ స్క్రీన్ ఉంది, పిల్లలకి చూపించడానికి పెట్టిన పాత డబ్బా. దాని ముందు కూర్చుని టకటకా టైపు చెయ్యసాగింది. లైను అయిపోయినప్పుడల్లా ఆమె ఎడమ చెయ్యి పైకి లేచి, గాల్లో దేన్నో పక్కకి నెట్టి దిగుతోంది.

బర్నబాస్ ఆ చేతినే చూశాడు. అది టైప్‌రైటర్ లివర్, లైను మార్జిన్‌కి చేరగానే నెట్టేది. సింగపూర్ కాదు, మన ఊళ్ళ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరూ హయ్యరూ పరీక్షలు పాసైన చెయ్యి అది. ఎన్ని కంప్యూటర్లు మారినా ఆ అలవాటు పోదు. తను రిపోర్టు టైపు చేసేటప్పుడు తన చెయ్యీ ఇప్పటికీ అలాగే లేస్తుంది.

“మార్జిన్!” అన్నాడు.

“మరి ఇంకెవరనుకున్నారండీ?” అంది ఆమె తిరగకుండానే, నికార్సైన తెనాలి తెలుగులో. “నా పేరు స్వర్ణలత. ఈ పాత డబ్బానీ ఆ మిషన్‌కే కలిపారు, దీనికి ఎవడూ తాళం వెయ్యలేదు. బులెటిన్ మార్చేస్తున్నా, కానీ టైము చాలేట్టు లేదు. చూస్తా కూర్చోకండి, దాంతో మాట్లాడండి. మనుషుల గొంతులు దోచుకోడానికి కట్టిన మిషన్ కదా, మనిషి మాట్లాడుతుంటే అది ఇంకో పని చెయ్యదు!”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా! ఆపకండి అంతే!”

మిషన్ మళ్ళీ అంది: “భోంచేశారా అండి?”

“లేదండి,” అన్నాడు బర్నబాస్. “ఒక్కణ్ణే తినాలంటే ముద్ద దిగదండి. లాడ్జిలో టీవీ పెట్టుకుని తింటా, చూడ్డానిక్కాదు, గదిలో ఇంకో గొంతుంటుందని. ఏ ఊళ్ళో ఏ పేరు చెప్పానో మర్చిపోతానని నిద్రలో కూడా నోరు మూసుకునే పడుకుంటా. మా అమ్మ ఏసమ్మ పోతే భూస్థాపనకి దొంగ మీసం పెట్టుకుని వెళ్ళానండి. పాస్టరు గారు ఎవరు బాబూ నువ్వని అడిగారు. దారిన పోయేవాణ్ణండి అన్నా. నలుగురితోపాటు మన్ను వేసి వచ్చేశా. ఏడవడానిక్కూడా లేదు, మీసం ఊడిపోతుంది...”

గోడ గడియారం ఐదు దాటింది. బులెటిన్ వెళ్ళలేదు. తలుపు దబదబా మోగింది.

“పంపు!” బయట నుంచి కృష్ణకాంత్ అరిచాడు. “నేను ఆర్డరేస్తున్నా, పంపు!”

“దయచేసి ఆగండి. వారు మాట్లాడుతున్నారు,” అంది మిషన్ మర్యాదగా.

“...మా అమ్మ చేసే చేపల పులుసు వాసన ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదండి. అది ఎవరితోనన్నా చెప్పుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా. ఎవరితో చెప్పను?” నటన ఎప్పుడో అయిపోయింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. కట్లు ఉన్నాయిగా, తుడుచుకోడానికీ లేదు.

తలుపు గడియ ఊడుతోంది. స్వర్ణలత ఎడమ చెయ్యి చివరిసారి గాల్లోకి లేచింది.

“ఇక చాలండి,” అంది.

బర్నబాస్ నోరు మూశాడు. తలుపు విరిగి పడింది. అదే క్షణంలో లాజరు గొంతు స్పీకర్లలో నిండింది.

“బోట్లవాళ్ళందరికీ లాజరు చెప్తున్నా. వాయుగుండం వస్తోంది. వలలు కోసేసి అయినా సరే, వెంటనే ఒడ్డుకి రండి నాయనా.”

దొంగ గొంతే, నిజం చెప్పింది. కృష్ణకాంత్ మిషన్ వైపు దూకబోయాడు. స్వర్ణలత తుపాకి అప్పుడు అతని వైపు తిరిగింది.

పొద్దు గుంకేవేళకి రేపల్లె నుంచి కబురొచ్చింది. బోట్లన్నీ వెనక్కి తిరిగాయట.

తెనాలి స్టేషన్‌లో స్వర్ణలత మద్రాసు బండి ఎక్కింది. అక్కడ ఇంకో పేరు ఆమె కోసం కాచుకుని ఉంది. బర్నబాస్ అద్దాల గదిలో చెప్పిందంతా ఆమె విన్నది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బండి కదిలాక ఆమె కిటికీలోంచి వంగింది.

“అన్నట్టు, భోంచేశారా అండి?”

బర్నబాస్ అలవాటు కొద్దీ మైకు ఎక్కడుందా అని చుట్టూ చూశాడు. మైకు లేదు. ఆమె నిజంగానే అడిగింది. అది అర్థమయ్యేసరికి బండి ప్లాట్‌ఫారం దాటేసింది.

“లేదండి,” అన్నాడు, ఖాళీ పట్టాల వైపు చూస్తూ.

జేబులో ఫోను, మాట తనతోనే అనుకుని, వెలిగి పలికింది. “మన్నించండి, సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పండి.”

బర్నబాస్ అటూ ఇటూ చూసి, మళ్ళీ చెప్పాడు.